గేటు ముందు పైపు సొంత వ్యవహారం కాదు

ముందు ఒక చిన్న లెక్క. ఇంటి గేటు ముందు బండి ఎక్కడానికి రోడ్డు పక్క కాలువ మీద ర్యాంపు పోస్తాం, దాని కింద నీళ్లు పోవడానికి పైపు వేస్తాం. ఆ కాలువలో 600 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న సిమెంటు పైపు వేయాల్సిన చోట 300 పైపులు రెండు పక్కపక్కన పెడితే సరిపోతుందా అని ఎవరినైనా అడిగి చూడండి. మూడొందలూ మూడొందలూ ఆరొందలే కదా అంటారు. కాదు. వ్యాసం సగమైతే పైపు నోరు నాలుగో వంతుకి పడిపోతుంది, కాబట్టి నోటి లెక్కనే నాలుగు పైపులు కావాలి. పైగా సన్న పైపులో నీటికి గోడ రాపిడి ఎక్కువ. అదే వాలులో ఒక్క 600 పైపు లాగేసే నీటిని 300 పైపులు ఆరు పెట్టినా పూర్తిగా లాగలేవు. రెండు పెట్టి చేతులు దులుపుకున్న ఇల్లు వీధిలో ఒక్కటుంటే చాలు, మిగతావాళ్లు కాలువని ఎంత వెడల్పు తవ్వుకున్నా దాని సత్తా ఆ రెండు పైపులంతే.

నిజానికి రెండు పెట్టేవాళ్లు నయం. మన వీధుల్లో చాలా ర్యాంపుల కింద ఉండేది ఇల్లు కట్టగా మిగిలిన ఆరంగుళాల పీవీసీ ముక్క, లేదా పాత బోరు కేసింగు. కొన్నిచోట్ల అదీ ఉండదు, రెండు ఇటుకల మధ్య సందు వదిలి పైన కాంక్రీటు పోసేస్తారు. దాన్ని కూడా తూము అనే అంటారు!

ఇందులో ఇంటివాళ్లని మాత్రమే తిట్టి లాభం లేదని మా అభిప్రాయం. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త సీసీ రోడ్డు పోస్తారు, వీధి అరడుగో అడుగో లేస్తుంది, నిన్నటిదాకా మెట్ల మీదున్న ఇల్లు ఇవాళ గుంతలో ఉంటుంది. రోడ్డు నీళ్లు లోపలికి రాకుండా గేటు దగ్గర గట్టు కట్టుకోవాలి, కారు ఎక్కాలంటే ర్యాంపు పోసుకోవాలి, ఆ ర్యాంపు కాలువ మీదే పడుతుంది. సైడు కాలువకి బిల్లు పెట్టే ఇంజినీరుకి, దాని మీద నలభై గేట్లు ఉన్నాయని, ఆ నలభై గేట్లకీ బళ్లు దాటాలని తెలియదా? తెలుసు. ఎస్టిమేటులో మాత్రం ఆ దాట్లు, అంటే కాలువ మీద బండి దాటే ర్యాంపు, దాని కింది తూము, ఉండవు. ఎవరి దాటు వాళ్లు వేసుకోవాలి, ఎవరి కొలత వాళ్లది.

పైగా ఈ తప్పుకి శిక్ష పడేది చేసినవాడికి కాదు. పైపు చిన్నదైతే నీళ్లు వెనక్కి తంతాయి, అంటే ఎగువ ఇంటి వాకిట్లోకి, అక్కడి నుంచి వరండాలోకి పోతాయి. ర్యాంపు వేసిన ఇల్లు పొడిగానే ఉంటుంది, ఆయనకి కాలువ బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. ఎగువ ఆవిడ వచ్చి అడిగితే "మా దగ్గర ఏ ఇబ్బందీ లేదండీ" అంటాడు, అబద్ధం కూడా కాదు. ఇలాంటి గొడవలు పంచాయతీ దాకా, కొన్నిసార్లు పోలీస్ స్టేషన్ దాకా వెళ్లడం ఏ ఊళ్లోనైనా మామూలే.

సరిగ్గా వేయడం బ్రహ్మవిద్య కాదు. అన్నిటికంటే ముందు మట్టం. పైపు అడుగు కాలువ అడుగుతో కలవాలి, ఒక అంగుళం కిందకున్నా పర్వాలేదు గానీ పైకి ఉండకూడదు. పైకి ఉంటే దాని వెనక ఎప్పుడూ నీళ్లు నిలబడి, దోమలు, ఆ తర్వాత పూడిక. మేస్త్రీలు గోడలకి వాడే నీళ్ల గొట్టంతోనే ఈ మట్టం చూసేయొచ్చు, పది నిమిషాల పని. వాలు నూరడుగులకి ఒక అడుగు దొరికితే మంచిది. పైపు కింద రాళ్లు, గడ్డలు లేకుండా ఇసుకో గ్రావెలో పరిచి సర్దాలి, రాయి మీద కూర్చున్న పైపు మొదటి ఇసుక ట్రాక్టరుకే చిట్లుతుంది. మట్టి కప్పేటప్పుడు జేసీబీతో ఒకేసారి ఒక పక్క గుమ్మరించకుండా, రెండు పక్కలా సమానంగా అరడుగు చొప్పున పొరలు వేసి దిమ్మిస చేయాలి. రోడ్డు కింద అయితే పైపు మీద కనీసం రెండడుగుల మట్టి మందం ఉండాలి. పైపులోనూ మోసే బరువుని బట్టి తరగతులున్నాయి: తేలిక బళ్లకి ఎన్‌పీ2, మామూలు రోడ్లకి ఎన్‌పీ3, లారీలు తిరిగే చోట ఎన్‌పీ4. కొనేటప్పుడు అందరూ వ్యాసం అడుగుతారు, ఈ తరగతి అడగరు. చివరగా రెండు మూతుల దగ్గర చిన్న గోడ, నీళ్లు పడే చోట రాతి పరుపు. ఈ రెండూ డబ్బు దండగ అనిపిస్తాయి, రెండు వానాకాలాలు అయ్యాక పైపు చివర గొయ్యి పడి ర్యాంపు కుంగినప్పుడు అనిపించదు.

మమ్మల్ని అడిగితే ఇళ్ల ముందు అసలు పైపే వద్దు. చిన్న కాలువల మీద చేత్తో ఎత్తగలిగే ఆర్‌సీసీ పలకలు, మధ్యలో ఒక ఇనుప జాలీ పెట్టుకుంటే నోరు తగ్గదు, పూడిక కూడా పార పెట్టి తీయొచ్చు. పదడుగుల పొడవు పైపులో ఇరుక్కున్న కొబ్బరి బోండాన్ని తీయడం పారిశుద్ధ్య కార్మికులకి ఎంత నరకమో ఆ పని ఒక్కసారి దగ్గరుండి చూసినవాళ్లకి తెలుస్తుంది.

ఊరు దాటితే ఇదే కథ పెద్దదవుతుంది. పొలంలోకి ట్రాక్టరు దిగాలి, కోత మిషను దిగాలి, రైతు రోడ్డు పక్క కాలువలో నాలుగు ట్రక్కుల మట్టి పోసి దారి చేసుకుంటాడు. ఆయన అవసరం న్యాయమైనదే. కానీ కిలోమీటరులో అలాంటివి పది వస్తే రోడ్డు పక్క కాలువ కాస్తా పది కుంటలైపోతుంది, తారు అంచు నానిపోతుంది, మర్నాడు గుంతలు. రోడ్డు కింద నీళ్లు దాటే కల్వర్టు చాలకపోతే ఇంకా ఘోరం, రోడ్డే చెరువు గట్టులా నీళ్లని ఆపుతుంది, ఆపలేనప్పుడు తెగుతుంది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడిన దృశ్యం చూశాం కదా, కాజీపేట, విజయవాడ దారిలో రైళ్లు ఆగిపోయాయి. 2005 అక్టోబరులో వలిగొండ దగ్గర ఎగువన చెరువు తెగి ఒక చిన్న రైలు వంతెన పోయింది, డెల్టా ప్యాసింజరు అందులో పడి వందమందికి పైగా చనిపోయారు. అక్కడ తెగింది చెరువే, ఒప్పుకుంటాం. అయినా ఆరు మీటర్ల లోపు వంతెనని రోడ్ల ఇంజినీర్ల లెక్కలో కల్వర్టు అంటారు గనక, చిన్నదే కదా అని చూసే అలవాటు ఎక్కడికి తీసుకెళ్తుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

నీటి దారి లెక్క మనకి కొత్త కూడా కాదు. గొలుసుకట్టు చెరువులు కట్టినవాళ్లు పొలానికి వదలాల్సిన నీటికి తూము ఎంత ఉండాలో, మిగిలిన నీరు పోవడానికి అలుగు ఎంత పొడవుండాలో చూసే కట్టారు, పై చెరువు అలుగు నీరు కింది చెరువు భరించాలి కాబట్టి. మన వీధి కాలువ కూడా ఆ గొలుసే, మనం దాన్ని గేటు గేటుకీ తెంపుకున్నాం.

జాతీయ రహదారి పక్కన పెట్రోలు బంకు పెట్టాలంటే లోపలికి వచ్చే దారి కింద నీరు ఎలా పోతుందో డ్రాయింగులో చూపించాల్సిందే. బంకుకి ఉన్న ఆ నిబంధన ఇంటికి, ఫంక్షన్ హాలుకి, అపార్టుమెంటుకి ఎందుకు ఉండకూడదు? ఇంటి ప్లానుతో పాటే గేటు ముందు దాటు కొలత, మట్టం రాసి ఇవ్వాలి. ఇంకా మంచి మార్గం, మునిసిపాలిటీయో పంచాయతీయో సైడు కాలువతో పాటు దాట్లన్నీ తనే వేసి, ఇంటికి ఇంత అని వసూలు చేసుకోవడం. నలభై ఇళ్లు విడివిడిగా మేస్త్రీని పిలిచే ఖర్చు కంటే అది తక్కువే పడుతుంది. సీసీ రోడ్డు మళ్లీ పోసేముందు పాతది తవ్వి తీయడం తప్పనిసరి చేయాలి, లేకపోతే ఇవాళ సరిగ్గా వేసిన దాటు కూడా ఐదేళ్లలో మట్టం తప్పుతుంది. ఇప్పటికే ఉన్న ర్యాంపుల్ని మే నెలాఖర్లో వచ్చి పగలగొట్టి ఫొటోలు దిగడం మాత్రం వద్దు. ఎగువ నుంచి దిగువకి వీధి మొత్తం ఒకసారి మట్టం కొలిచి, ఏ గేటు దగ్గర నీరు ఆగుతోందో గుర్తుపెట్టి, ముందు అది మార్చండి. వీధికి అలాంటివి రెండో మూడో ఉంటాయి, అంతే.