పొందూరు పంచెను పసుపులో ముంచకండి

ఉగాది సంబరాల్లో పిల్లలకు పసుపుతో బట్టలకు రంగు వేయడం నేర్పిద్దామని మన సంఘంలో అనుకుంటున్నారు. మంచి ఆలోచనే. దానికోసం పొందూరు ఖాదీ తెప్పిద్దామన్న మాట మాత్రం నాకు మింగుడు పడలేదు. శ్రీకాకుళం జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ణి కనుక అటు పసుపు మీదా ఇటు పొందూరు మీదా నాకు కొంచెం అభిమానం ఎక్కువే.

పసుపు నూలుకు ఇట్టే పడుతుంది. రంగు పట్టించడానికి వాడే పటిక లేకపోయినా పడుతుంది. చిక్కంతా నిలవడంలోనే. అందులోని రంగు పదార్థమైన కర్క్యుమిన్ వెలుతురుకు విరిగిపోతుంది. దండెం మీద కొన్నాళ్లు ఎండ తగిలితే చాలు, వెలిసిపోతుంది. ఉప్పు, వెనిగర్ వేసి మరిగిస్తే రంగు గట్టిపడుతుందని చాలామంది నమ్ముతారు. ఉప్పు ఇక్కడ చేసేదేమీ లేదు. వెనిగర్ పులుపు వల్ల పసుపు ఛాయ తేటగా కనిపిస్తుంది, అంతే. మన పిల్లలకు ఆ మాట చెప్పి పంపితే రెండు నెలల తర్వాత చొక్కా చూసుకుని వాళ్లే మనల్ని నిలదీస్తారు.

మా వైపు ఇళ్లలో పసుపు రంగు నిలవాలని ఎవరూ కోరుకోలేదు. కొత్త బట్ట కట్టుకునే ముందు అంచుకు పెట్టే పసుపు, పెళ్లిలో మధుపర్కాలకు అద్దే పసుపు, ముడుపు కట్టే గుడ్డ, కంకణం దారం, అన్నీ ఆ పూటకు పచ్చగా ఉంటే చాలు. మెడలో పసుపుతాడు వెలిస్తే మళ్లీ పసుపు రాస్తారు. మా మేనత్త ముడుపు గుడ్డను పసుపు నీళ్లలో ముంచి, పిండి, నీడపట్టునే ఆరేసేది. మేం పక్కన చేరితే ఒక మూల సబ్బు నురగ చుక్క వేసేది. ఆ చుక్క మేరా పచ్చదనం చెదిరి ఇటుక రంగు తిరిగేది. ‘పారాణి ఎలా వస్తుందనుకున్నారర్రా, ఇలాగే. అందులో సున్నం, ఇందులో సబ్బు’ అని, దాని మీద నిమ్మచెక్క పిండేది. మరక మళ్లీ పచ్చబడేది. క్షారం, ఆమ్లం అన్న మాటలు బడిలో విన్నప్పుడు నాకు గుర్తుకొచ్చింది ఆ గుడ్డే. పిల్లలకు నేర్పాల్సింది ఇదీ.

పద్ధతి కష్టమైనదేమీ కాదు. కొత్త నూలు గుడ్డను చాకలిసోడా వేసి ఉడకబెడితే గంజీ జిడ్డూ పోతాయి. ఆ తర్వాత సోడా పూర్తిగా వదిలేదాకా జాడించాలి, లేకపోతే పసుపు ఎర్రబారుతుంది. వంద గ్రాముల గుడ్డకు ఇరవై ముప్ఫై గ్రాముల పసుపు సరిపోతుంది. గుడ్డ విడివిడిగా తేలేటన్ని నీళ్లలో, సన్నని సెగ మీద అరగంట పైచిలుకు ఉంచి, కలుపుతూ ఉండాలి. ఆరేయడం నీడలోనే. పొడి నమ్మకమైనదై ఉండాలి. మెరుపు కోసం సీసం కలిసిన రంగులు కలిపే కల్తీ ఉంది, పిల్లలు చేతులు పెట్టేచోట ఆ అజాగ్రత్త పనికిరాదు.

నిలిచే పసుపు రంగే కావాలంటే దానిమ్మ తొక్కలు ఉన్నాయి. కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో నానబెట్టి, పటిక పట్టించిన నూలును ఆ తొక్కల కషాయంలో ఉడికిస్తే వచ్చే రంగు పసుపంత మెరవదు కానీ, ఎండకు చాలా మెరుగ్గా ఆగుతుంది. పారేసే తొక్కలే కనుక ఖర్చూ లేదు.

ఇక పొందూరు. ఆ ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఎముకకున్న సన్నని పళ్ల మధ్య గింజతో ఉన్న దూదిని పట్టి దువ్వితే చెత్త రాలిపోయి పోగులు వరసకు వస్తాయి. తర్వాత గింజ తీయడం, ఏకడం, వడకడం, అన్నీ చేతి పనే. వంద నంబరు దాకా పోయే సన్నని నూలు అలా వస్తుంది; నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. 1949 నుంచి అక్కడ ఆ పనివాళ్ల సంఘం నడుస్తోంది. ఇంత చాకిరీ చేసి తెల్లగా, మెత్తగా తీసిన బట్టను మనం సోడాలో ఉడకబెట్టి, రెండు నెలల్లో వెలిసే రంగులో ముంచి, ఐదేళ్ల పిల్లాడి చేతికివ్వడం ఏం మర్యాద?

‘మనం కొంటేనే కదా వాళ్లకు నాలుగు రాళ్లు వచ్చేది’ అంటారు. కొందాం, కాదన్నదెవరు? పంచెలుగా, చీరలుగా కొని పెద్దవాళ్లకు పెడదాం. అంచుకు చిటికెడు పసుపు అద్ది ఇస్తే మన ఆచారమూ తీరుతుంది. పిల్లల రుమాళ్లకు దొరికిన ముతక నూలు చాలు. వచ్చే కార్యవర్గ సమావేశంలో నేను పెట్టబోయే తీర్మానం ఇదే. దానిమ్మ తొక్కలు పోగుచేయడానికి గుమ్మం దగ్గర ఒక డబ్బా పెట్టాలని కూడా అందులో రాశాను.