జపాన్‌వాళ్లు పండుగలు మార్చలేదా? పంచాంగాన్నే మార్చేశారు

"జపాన్‌ను చూసి నేర్చుకోండి. వేల ఏళ్లుగా ఒక్క పండుగ మారలేదు, ఒక్క తిథి తప్పలేదు" అంటూ ఒక వాట్సాప్ ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. మా ఫ్యామిలీ గ్రూపులోనే నాలుగుసార్లు వచ్చింది. జపాన్ అంటే నాకూ ఇష్టమే, కానీ ఇది నిజం కాదు.

ముందు తిథి సంగతి. 1872 దాకా జపాన్‌లోనూ నెలలు చంద్రుణ్ణి బట్టే నడిచేవి, మనలాగే అధిక మాసాలతో సహా. ఆ ఏడాది చివర ప్రభుత్వం ఆ పంచాంగాన్ని పక్కనపెట్టి ఇంగ్లీషు క్యాలెండర్ తెచ్చింది. పన్నెండో నెల రెండు రోజులకే ముగిసింది. మూడో రోజు 1873 జనవరి 1 అయిపోయింది. జనానికి చెప్పింది కేవలం మూడు వారాల ముందు! ఎందుకంత తొందర? మరుసటి ఏడాది అధిక మాసం ఉంది. ఉద్యోగులకు పదమూడు జీతాలివ్వాలి, ఖజానాలో డబ్బు లేదు. ఈ మాట అప్పటి ప్రభుత్వ పెద్ద ఒకుమా షిగెనోబు తర్వాత తానే చెప్పుకున్నాడు. అధిక మాసంలో మనం పెళ్లిళ్లు ఆపుకుంటాం, వాళ్లు ఏకంగా అధిక మాసాన్నే ఆపేశారు.

దీని దెబ్బ తనబతకు బాగా తగిలింది. పాలపుంతకు చెరోవైపు ఉన్న రెండు నక్షత్రాలు, ఒక నేతపిల్ల, ఒక పశువుల కాపరి, ఏడో నెల ఏడో రాత్రి కలుసుకునే పండుగ అది. ఇప్పుడు చాలాచోట్ల జులై 7న చేస్తారు. అప్పుడు వానాకాలం, చుక్కలు కనిపించడమే కష్టం. అందుకే సెందాయ్ నగరంలో పాత కాలానికి దగ్గరగా ఆగస్టు 6 నుంచి 8 వరకు చేస్తారు. పితృదేవతల పండుగ ఓబొన్ కూడా అంతే: టోక్యోలో జులైలో, మిగతా చాలాచోట్ల ఆగస్టు మధ్యలో, ఒకినావాలో పాత లెక్క ప్రకారం.

"ఓబొన్ అంటే జపాన్ దీపావళి" అనే మాట కూడా ఫార్వర్డ్‌లో ఉంది. దీపాలు పెడతారు, నిజమే. కానీ అవి ఇంటికొచ్చే పితృదేవతలకు దారి చూపడానికి. పోలిక కావాలంటే మన మహాలయ పక్షం దగ్గరగా ఉంటుంది. కీరా దోసకాయకు పుల్లలు గుచ్చి గుర్రం చేస్తారు, పెద్దలు త్వరగా రావాలని. వంకాయతో ఆవు చేస్తారు, మెల్లగా వెళ్లాలని. నాకైతే ఇదే అన్నిటికన్నా నచ్చుతుంది.

ఇక చలికాలం ముగిసే పండుగ రోజు సెత్సుబున్ నాడు శుభ దిక్కుకు తిరిగి, మాట్లాడకుండా సుషీ రోల్ తినడం "సమురాయ్‌ల ఆచారం" అట. దానికి ఆధారం లేదు. ఒసాకా వైపు ఉన్న అలవాటును 1990ల చివర్లో కన్వీనియెన్స్ స్టోర్లు దేశమంతా అమ్మి పెట్టాయి. ఆ రోజు పాత ఆచారం వేయించిన సోయా గింజలు విసిరి దయ్యాన్ని తరమడం. రోల్స్ ఎంత మిగిలిపోయేవంటే, గిరాకీకి తగినన్నే చేయండని 2019లో వ్యవసాయ శాఖ షాపులను కోరింది.