చిత్తూరుకు దక్కిన గౌరవం

తిరుపతికి అన్నీ ఉన్నాయి. విమానాశ్రయం ఉంది. 2015లో ఐఐటీ వచ్చింది, అదే ఏడాది ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ కూడా వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీకాళహస్తి అటే పోయింది, నెల్లూరోళ్ల శ్రీహరికోట కూడా అటే పోయింది. మదనపల్లె అన్నమయ్య జిల్లాలో కలిసింది. చిత్తూరుకు కలెక్టరాఫీసు మిగిలింది, దాని ముందున్న రోడ్డు మీద దుమ్ము మిగిలింది.

అయినా మనం చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదు. కేంద్ర ప్రభుత్వం 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. గాలి ప్రమాణాలు అందుకోలేకపోయిన నగరాల జాబితా ఒకటి పెట్టుకుంది. అందులో ఆంధ్రా నుంచి 13 ఊళ్లున్నాయి. విశాఖ ఉంది, విజయవాడ ఉంది, చిత్తూరు ఉంది. తిరుపతి లేదు. విశాఖ సరసన మన పేరు ఢిల్లీ దాకా పోవడానికి ఎన్ని తరాలు పట్టింది! సన్మానం ఎందుకు చేయలేదో నాకైతే అర్థం కాలేదు.

ఈ ఘనత ఊరికే రాలేదు. గ్రానైట్ లారీలు కష్టపడ్డాయి. మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీల బాయిలర్లు వాటి వంతు పొగ అవి ఇచ్చాయి. తెల్లారకముందే ఎండుటాకులు, పాల కవర్లు, పగిలిన చెప్పులు కుప్పేసి అగ్గిపుల్ల గీసే మనందరి భాగస్వామ్యం సరేసరి. భోగి నాడు పాత టైర్ల పాత్ర గురించి చెప్పక్కర్లేదు. చలికి గాలి కదలక ఆ పొగ మిద్దెల ఎత్తు కూడా దాటదు, మధ్యాహ్నం దాకా వీధిలోనే పండగ చేసుకుంటుంది.

జాబితాలో చేరాక బాధ్యత కూడా ఉంటుంది కదా. 2025-26 కల్లా దుమ్మును 40 శాతం దాకా తగ్గించాలన్నారు. ఏ దుమ్మును? ఇక్కడే పెద్దల తెలివిని మెచ్చుకోవాలి. మార్కులు వేసేది పీఎం10ను చూసి మాత్రమే. అంటే 10 మైక్రాన్ల లోపు దుమ్ము అంతా కలిపి ఒకటే లెక్క (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులోనే దాక్కున్న పీఎం2.5 అని ఇంకొకటుంది, 2.5 మైక్రాన్ల లోపు సన్న దుమ్ము. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ముక్కు ఆపలేదు, గొంతు ఆపలేదు. ఊపిరితిత్తుల అడుగుదాకా దిగి, అక్కడి నుంచి నెత్తురులోకి పోతుంది. క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో 2013లోనే దీన్ని చేర్చారు. దీనికి విడిగా మార్కుల్లేవు. మార్కుల్లేని సబ్జెక్టు ఎవరు చదువుతారు?

పైగా ఇది చీపురుకు దొరకదు. డీజిల్ మండితే పుడుతుంది, చెత్త మండితే పుడుతుంది, పొగగొట్టం నుంచి వచ్చిన వాయువులు గాల్లోనే కలిసి గట్టిపడి కూడా పుడుతుంది. రోడ్డు దుమ్ము అలా కాదు, కంటికి కనిపిస్తుంది, ఊడ్చొచ్చు, నీళ్లు చల్లొచ్చు, ఫొటో తీసి పంపొచ్చు. అందుకే దేశం మొత్తం మీద ఈ కార్యక్రమం కింద ఖర్చయిన డబ్బులో 64 శాతం రోడ్డు దుమ్ముకే పోయిందని 2024లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే ఢిల్లీ సంస్థ వాళ్లు లెక్క తేల్చారు. పరిశ్రమల పొగకు పెట్టింది ఒక శాతం కూడా లేదు. ఫ్యాక్టరీ గొట్టం చాలా ఎత్తులో ఉంటుంది, చీపురు అందొద్దూ?

మా వీధిలో ఊడ్చే పద్ధతి చూసి తీరాలి. ఒకామె రోడ్డు నడుమ నుంచి అంచుకు ఊడుస్తుంది. గీత గీసినట్టు దుమ్ము వరుసగా పేరుకుంటుంది. బండ లారీ ఒకటి వస్తుంది. గీత లేచి టీ కొట్టు మీద వాలుతుంది. "ఏంది నా, గిన్నె మీద మూత పెట్టచ్చు కదా" అంటే, "మీగడ అనుకో సామీ" అన్నాడు టీ కొట్టాయన. ఆమె మొహానికి కట్టుకుంది చీర కొంగు. పెద్ద దుమ్మును అది కొంత ఆపుతుంది; సన్నదానికి తలుపు తీసినట్టే.

ప్రమాణాల సంగతికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సంవత్సర సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాముల పీఎం2.5 దాటకూడదంది. మన హద్దు 40, అదీ 2009లో పెట్టింది. ఎనిమిది రెట్లు. అంటే మనం పాసయినా అక్కడ ఫెయిలే. జెనీవాలో కూర్చున్న ఆ సంస్థ వాళ్లకు మా గుజ్జు ఫ్యాక్టరీ సీజన్ తెలియదు కాబట్టి వాళ్ల మాట పట్టించుకోనక్కర్లేదు.

తిరుపతి వాళ్లు మాత్రం నొచ్చుకుంటున్నట్టున్నారు. కొండకు ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయని మురిసిపోతే సరిపోతుందా? రేణిగుంట రోడ్డు, లీలామహల్ సర్కిల్ సాయంత్రం పూట ఎంత శ్రమిస్తున్నాయో మాకు తెలుసు. ఇన్నాళ్లూ దర్శనానికి సిఫార్సు లెటర్లు పట్టుకొని మేం అటు పోయేవాళ్లం. జాబితాలో చేరాలనుకుంటే ఈసారి వాళ్లు ఇటు రావచ్చు. లెటరు రాసిస్తాం, టీ తాగించి పంపిస్తాం. మీగడతోనే.