షీటు ఉంటే కొట్టొచ్చా?

2025 మే నెలాఖరులో తెనాలి వీడియో బయటికొచ్చింది. దళిత, ముస్లిం యువకులను పట్టపగలు నడిరోడ్డు మీద కూర్చోబెట్టి పోలీసులు అరికాళ్ల మీద లాఠీతో బాదుతున్నారు. కానిస్టేబుల్‌పై దాడి చేశారు కాబట్టి కొట్టామన్నారు. ఆ తర్వాత జరిగిన చర్చంతా వాళ్లెలాంటి వాళ్లు, రౌడీషీటు ఉందా లేదా అనే. ఉంటే మాత్రం కొట్టొచ్చా అని అడిగినవాళ్లు తక్కువ. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టమని సుప్రీంకోర్టు 2020లోనే ఆదేశించింది. చాటున కొట్టేవాడికి కెమెరా అడ్డు కావచ్చు. నలుగురూ చూడాలనే కొట్టేవాడికి?

రౌడీషీటు తెరిచేది పోలీసు స్టాండింగ్ ఆర్డర్స్ ప్రకారం, అంటే ఆ శాఖ సొంత నియమాల ప్రకారం. కోర్టులో నేరం రుజువు కావాలనేం లేదు. విజయవాడ, గుంటూరు స్టేషన్లలో ఆదివారం పొద్దున షీటున్నవాళ్లను వరుసగా నిలబెట్టి ‘కౌన్సెలింగ్’ ఇస్తారు. ఆటో తోలేవాడికి ఆ పూట బేరం పోయినట్టే. అర్ధరాత్రి తలుపు కొట్టి ‘ఉన్నాడా?’ అంటారు. రెండుసార్లు అలా జరిగితే ఇంటి ఓనరు ఖాళీ చేయమంటాడు. పెళ్లి సంబంధం మాట సరేసరి.

ఈ హాజరు పట్టీ మనకు కొత్త కాదు. 1871 నేరస్థ జాతుల చట్టం నీడలో ఎరుకలవాళ్లను తెచ్చి స్టువర్టుపురంలో పెట్టారు. 2022 దాకా ఆ ఊరు గుంటూరు జిల్లాలోదే. పుట్టుకే నేరమన్నారు, హాజరు వేయించుకున్నారు, చీరాల పొగాకు కంపెనీకి కూలీలుగా పంపారు. 1952లో చట్టం రద్దయింది, చూపు రద్దు కాలేదు. ఆ చట్టం నుంచి బయటపడ్డ విముక్త జాతులవాళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయొద్దని 2024 అక్టోబరులో కూడా సుప్రీంకోర్టు పోలీసులకు చెప్పాల్సి వచ్చింది. ఆ జాతుల కోసం 2022లో కేంద్రం తెచ్చిన ‘సీడ్’ పథకానికి ఐదేళ్లకు, దేశం మొత్తానికి కలిపి 200 కోట్లు!

గంజాయి బ్యాచ్‌ల సంగతేంటి అంటారు. నిజమే, వాళ్లతో ముందు అవస్థ పడేది పేదల పేటల్లోని ఆడవాళ్లే, 112కి ఫోన్ చేసి పోలీసులను పిలిచేదీ వాళ్లే. ఎందుకంటే రాత్రి పదింటికి పిలిస్తే వచ్చే ప్రభుత్వ శాఖ ఆ ఒక్కటే. కొడుకు మత్తులో గిన్నెలు విసురుతుంటే తల్లి ఇంకెవర్ని పిలవాలి? గంజాయిని అరికట్టడానికి 2024లో ‘ఈగల్’ దళం వచ్చింది, రావాల్సిందే. పేటలో మత్తు మాన్పించే వైద్యుడు, బెయిలు కాగితం రాసే ప్రభుత్వ లాయరు, ఐటీఐ సీటు కూడా అదే వేగంతో రావాలి కదా.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. జనాభా నిష్పత్తిలో ఎస్సీ, ఎస్టీలకు నిధులివ్వాలని 2013 ఉప ప్రణాళిక చట్టంలోనే ఉంది. అందరికీ ఇచ్చే పథకాల ఖర్చునే అందులో చూపించి లెక్క సరిచేస్తున్నారన్న ఫిర్యాదు ప్రభుత్వాలు మారినా పోలేదు. ఆ లెక్కను పేటలవారీగా బయటపెట్టాలి. ఏటా డిసెంబరులో ఎస్పీలు ప్రెస్‌మీట్ పెట్టి ఎన్ని షీట్లు తెరిచారో చెబుతుంటారు. ఎన్ని మూశారో, మూసినవాళ్లలో ఎందరికి పని దొరికిందో కూడా అక్కడే అడగాలి.