ట్యాప్ తిప్పే ముందు సింక్‌లోకి ఒక్కసారి చూడండి

రాత్రి నీళ్లు తాగుదామని లేచి వంటింట్లో లైట్ వేశాను. స్టీల్ సింక్‌లో ఒక సాలీడు. బెత్తెడు ఎగబాకడం, సర్రున జారి జాలీ దగ్గర పడటం. కాసేపు కాళ్లన్నీ ముడుచుకుని కూర్చోవడం, మళ్లీ మొదలు. ఎప్పటి నుంచి ఇదే పనో పాపం.

మా ఇంట్లో ఇంకెవరైనా చూసుంటే ట్యాప్ ఫుల్‌గా తిప్పేసేవాళ్లు. పైగా "పైపులోంచి వచ్చింది, పైపులోకే పోతుంది" అని లాజిక్ ఒకటి! నాకు ఒళ్లు మండేది అక్కడే. మురుగు వాసన పైకి తన్నకుండా సింక్ కింద పైపు వంపులో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉంటాయి. అవి దాటుకుని సాలీడు రావడం దాదాపు జరగదు. అది పైనుంచే పడింది. తడి కోసమో, మగదైతే ఆడదాన్ని వెతుక్కుంటూనో తిరుగుతూ అంచు మీద జారి ఉంటుంది.

గోడలెక్కేదానికి సింక్ ఎక్కడం రాదా అంటారు. గెంతే సాలీళ్లయితే ఎక్కేస్తాయి. వాటి పాదాల చివర సన్నటి వెంట్రుకల కుచ్చులుంటాయి, అద్దం మీద కూడా నడుస్తాయి. ఇళ్లలో గూళ్లు కట్టే చాలా రకాలకి ఆ కుచ్చులు లేవు, ఉన్నవి గోళ్లే. గరుకు గోడైతే గోటికి పట్టు చిక్కుతుంది. స్టీల్ మీద, నున్నటి బాత్‌టబ్ మీద దేన్ని పట్టుకోవాలి?

పాత టవల్ ఒక కొస లోపలికి, ఇంకో కొస బయటికి వేలాడేసి వెళ్లి పడుకోండి, చాలు. తొందరైతే గ్లాసు బోర్లించి కింద అట్టముక్క దూర్చండి. వేళ్లతో మాత్రం పట్టుకోకండి, పొడుగు కాళ్ల వాటికి కాలు ఊడి చేతికొస్తుంది. ఒకసారి ఆ పాపం నేనే చేశాను. బాత్‌టబ్‌లోంచి సాలీళ్లు ఎక్కి రావడానికి రబ్బరు నిచ్చెన అంటూ 1994లో బ్రిటన్‌లో ఏకంగా పేటెంట్ పత్రమే వెలువడింది. నాది చాదస్తం అనేవాళ్లకి అదే చెప్తుంటాను.

చీమలది వేరే కథ. మామూలు నీళ్లయితే పైపొరే వాటిని మోస్తుంది. సబ్బు కలిసిందా, ఆ పొర బలం తగ్గి మునిగిపోతాయి. అందుకే సబ్బు నీళ్లలో ఉన్నవాటిని ముందు తీస్తాను. తడిసి కదలకుండా పడి ఉన్నా పారేయను, పొడి కాగితం మీద కాసేపు ఉంచుతాను. కొన్ని లేచి నడుస్తాయి. బొద్దింకల సంగతి అడక్కండి, నేనంత మహాత్ముణ్ణి కాదు.

ఆ రాత్రి సాలీడు టవల్ అంచుని ముందు కాలితో రెండుసార్లు తట్టి చూసింది. తర్వాత ఒక్కో పోగూ పట్టుకుంటూ పైకెక్కి, గట్టు మీద గిన్నెల వెనక్కి పోయింది. అప్పుడు గుర్తొచ్చింది, నేను నీళ్లు తాగనేలేదని.