ఇల్లు ఎంత అదిరిందో చెప్పే రికార్డు ఎవరి చేతిలో ఉండాలి?

గనిలో బ్లాస్టింగ్ జరిగిన ప్రతిసారీ దగ్గర్లోని ఇళ్లలో అదే గొడవ. కిటికీలు గడగడలాడాయి, గోడకు కొత్త బీట పడిందని ఇంటివాళ్లంటారు. ప్రకంపనలు పరిమితి లోపలే ఉన్నాయని యాజమాన్యం అంటుంది. చాలాసార్లు ఇద్దరూ చెప్పేది నిజమే అయినా గొడవ తెగదు, ఎందుకంటే కొలిచేదీ ఆ కొలతను దగ్గర పెట్టుకునేదీ యాజమాన్యమే. పరిమితిని తగ్గించాలా వద్దా అన్న చర్చ కంటే ముందు ఈ సంగతి తేలాలి.

పేలుడు జరిగినప్పుడు నేల ఎంత వేగంగా ఊగిందో సెన్సర్ మూడు దిక్కుల్లో కొలుస్తుంది: పేలుడు వైపు ముందుకూ వెనక్కూ, అడ్డంగా, పైకీ కిందికీ. వాటిలో అత్యధిక వేగాన్నే పీపీవీ అంటారు. సెకనుకు ఇన్ని మిల్లీమీటర్లు అని చెబుతారు. ఇంటివాళ్లకు చేరేది సాధారణంగా ఆ ఒక్క అంకే. దాని పక్కన ఫ్రీక్వెన్సీ, అంటే నేల సెకనుకు ఎన్నిసార్లు ఊగిందో చెప్పే హెర్ట్జ్ లెక్క, లేకపోతే ఆ అంకెకు అర్థం లేదు. ఒకటి రెండు అంతస్తుల ఇళ్లు సుమారు 4 నుంచి 12 హెర్ట్జ్ మధ్య సహజంగా ఊగుతాయని అమెరికా బ్యూరో ఆఫ్ మైన్స్ 1980 నాటి నివేదికలో తేల్చింది. నేల కూడా అదే లయలో ఊగితే ఇంటి ఊపు ఇంకా పెరుగుతుంది. అందుకే మన దేశంలో గనుల భద్రత డైరెక్టరేట్, డీజీఎంఎస్, 1997లో ఇచ్చిన పరిమితులు ఫ్రీక్వెన్సీని బట్టి మారతాయి. గనికి చెందని నివాస గృహాలకు 8 హెర్ట్జ్ లోపైతే సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 వరకు 10, అంతకు మించితే 15. ఇప్పుడు రీడింగు సెకనుకు 8 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. 30 హెర్ట్జ్ దగ్గరైతే అది నిబంధనల లోపలే ఉంది. 6 హెర్ట్జ్ దగ్గరైతే ఉల్లంఘన. "8 వచ్చింది, కంగారు పడొద్దు" అని చెప్పడం సమాధానం కాదు.

సెన్సర్‌ను ఎక్కడ, ఎలా పెట్టారన్నదీ అంతే ముఖ్యం. ఇంటి పునాదికి ఓ మూడు మీటర్ల లోపు, పేలుడు జరిగే వైపున, దాని మీది బాణం గుర్తు పేలుడు వైపు చూసేలా ఉండాలి. మట్టిలో గుంట తీసి పాతి, చుట్టూ గట్టిగా దట్టించాలి. గడ్డి మీదో వదులు మట్టి మీదో ఊరికే పెట్టి వదిలేస్తే అది నేలతో కలిసి ఊగదు. ఊపు పెద్దదైతే తన దారిన తాను ఎగిరెగిరి పడుతుంది. అప్పుడు వచ్చే రీడింగు ఎక్కువైనా తక్కువైనా నమ్మదగింది కాదు. మేడ మీది గదిలో పెట్టి కొలిచిన అంకెను నేలకు రాసిన పరిమితితో పోల్చడమూ తప్పే. సెన్సర్ పాతుతున్నప్పుడు ఇంటివాళ్లు పక్కనే నిలబడి చూడాలి, ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. ఇందులో అనుమానించడం ఏమీ లేదు.

ట్రిగ్గర్ సంగతి చాలామందికి తెలియదు. నిర్ణీత స్థాయి దాటితేనే యంత్రం తరంగాన్ని నమోదు చేస్తుంది. ఆ రోజు రికార్డు లేదంటే ప్రకంపన తక్కువగా ఉండి ఉండొచ్చు, బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు, అసలు ఆన్ చేయకపోయి ఉండొచ్చు. ఈ మూడింటికీ తేడా తెలియాలంటే పేలుడు సమయంలో యంత్రం పనిచేస్తూనే ఉందని చూపించే లాగ్ కావాలి. లాగ్ లేని రోజును "అంతా మామూలే" అని రాయడానికి వీల్లేదు.

ఇక గని వైపు వివరాలు. ప్రకంపనను ఎక్కువగా నిర్ణయించేది ఒకే క్షణంలో పేలే మందు బరువు. మొత్తం ఎన్ని టన్నులు పేల్చారన్నది దాని తర్వాతే. అందుకే మందు నింపిన రంధ్రాలకు మధ్య కొన్ని మిల్లీసెకన్ల డిలే, అంటే ఎడం, ఇస్తారు. దూరాన్ని ఆ బరువు వర్గమూలంతో భాగిస్తే వచ్చేది స్కేల్డ్ డిస్టెన్స్. అది ఎంత పెద్దదైతే ప్రకంపన అంత తక్కువ. ఒక్కో డిలేకు, అంటే ఒకే క్షణంలో, 100 కిలోలు పేల్చితే 500 మీటర్ల దూరానికి అది 50. 25 కిలోలకు తగ్గిస్తే 100 అవుతుంది, అంటే ఇల్లు గనికి కిలోమీటరు దూరంలోకి జరిగినట్టే. గని ఆపకుండానే ప్రకంపన తగ్గించే దారి ఉందన్నమాట. మందును పేల్చే మామూలు డిటోనేటర్లలో డిలే అటూ ఇటూ జారి రెండు రంధ్రాలు కలిసి పేలే ప్రమాదం ఉంది. ఎలక్ట్రానిక్ డిటోనేటర్లతో ఆ జారుడు దాదాపు ఉండదు. ఇళ్లు దగ్గరగా ఉన్న గనిలో వీటికి ఖర్చెక్కువ అనే వాదనను నేను ఒప్పుకోను.

యాజమాన్యాల వాదనలోనూ నిజం ఉంది. సెకనుకు ఒక మిల్లీమీటరు కంటే తక్కువ ఊపును కూడా మనిషి పసిగడతాడు. గోడ దెబ్బతినే స్థాయి దానికి చాలా పైన ఉంటుంది. కిటికీలను వణికించేది తరచుగా నేల కాదు, గాలిలో వచ్చే ఒత్తిడి తరంగం. దాన్ని వేరే మైక్రోఫోన్‌తో కొలవాలి. ఎండకూ తేమకూ గోడ బీట రోజూ ఎంతో కొంత తెరుచుకుని మూసుకుంటుంది. ఆ కదలిక బ్లాస్టింగ్ వల్ల వచ్చేదానికంటే చాలాసార్లు ఎక్కువని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో చార్లెస్ డౌడింగ్ బృందం బీటలకే సెన్సర్లు అతికించి చూపించింది. బ్యూరో ఆఫ్ మైన్స్ ఒక ఇంటిని యంత్రాలతో ఊపి చూస్తే 56,000 ఊపుల తర్వాతే మొదటి బీట కనిపించింది. అంటే సెకనుకు 12.7 మిల్లీమీటర్ల ఊపునిచ్చే పేలుళ్లు రోజుకు రెండు చొప్పున 28 ఏళ్లు జరిగినట్టు. కానీ అది చెక్క ఫ్రేముతో కట్టిన ఇల్లు. మట్టితో, రాతితో కట్టిన గోడలకు ఆ ఫలితాన్ని అలాగే అంటగట్టడం అన్యాయం.

బీట పాతదా, కొత్తదా అన్నది ముందే రాసి పెట్టుకుంటే తప్ప తేలదు. అమెరికా నిబంధనల ప్రకారం ఉపరితల బొగ్గు గనికి అర మైలు లోపున్న ఇంటివాళ్లు అడిగితే బ్లాస్టింగ్‌కు ముందే ఇంటిని సర్వే చేయాలి. ప్రతి పేలుడు రికార్డునూ కనీసం 3 ఏళ్లు దాచి, అడిగిన ప్రజలకు చూపించాలి. ఇక్కడా ఇదే కావాలి. స్కేలు పక్కన పెట్టి, తేదీ కనిపించేలా తీసిన బీట ఫొటోలు, యాజమాన్యం సంతకంతో ఒక కాపీ ఇంటివాళ్ల దగ్గర ఉండాలి. పేలుడు జరిగిన 24 గంటల్లో తరంగం గ్రాఫు, ఫ్రీక్వెన్సీ, డిలేకు పేల్చిన మందు బరువు, సెన్సర్ పెట్టిన చోటు, సెన్సర్ సరిగ్గా కొలుస్తోందో లేదో చివరిసారి సరిచూయించిన (క్యాలిబ్రేషన్) తేదీ బహిరంగంగా పెట్టాలి. అవి రానంతవరకు తర్వాతి పేలుడుకు అనుమతి ఇవ్వకూడదు.