గొడవ మొదలయ్యేది కోడి దగ్గర కాదు

ఈ మధ్య ఏ టీకొట్టు దగ్గర నిలబడ్డా మూడో ప్రపంచ యుద్ధం మాటే. ఒకడు ఫోన్‌లో క్షిపణి వీడియో చూపిస్తాడు, ఇంకొకడు "ఒక్కసారి వేసేస్తే పీడా పోతుందన్నా" అంటాడు, క్రికెట్ స్కోరు చెప్పినంత తేలిగ్గా. కడపలో కూర్చుని రాసే పత్రికకు ప్రపంచ యుద్ధాలతో ఏం పని అంటారేమో. పని ఉంది కాబట్టే రాస్తున్నాం.

బడిలో అందరికీ చెప్పింది ఒకటే. 1914 జూన్ 28న బోస్నియా పట్నం సరయేవోలో గవ్రిలో ప్రిన్సిప్ అనే 19 ఏళ్ల సెర్బు కుర్రాడు ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌నూ, ఆయన భార్య సోఫీనీ కాల్చి చంపాడు, అందుకే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఐదు మార్కుల జవాబు. ఈ జవాబు రాసి పాసైన సీమవాడెవడూ మనసులో దాన్ని నమ్మి ఉండడు. కోడి కోసం కొట్టుకున్నారు, మురుగు కాలువ కోసం నరుక్కున్నారు అని బయటివాళ్లు మన ఊళ్ల గురించి చెప్పుకుంటారు (హెడ్డింగుకు బాగుంటుందని మేమూ అలాగే రాశాం, ఒప్పుకుంటున్నాం). ఆ కోడి రాకముందే ఊరు రెండు వర్గాలై ఉంటుంది, గడ్డివాముల్లో బాంబులు దాచి ఉంటాయి, తాతల నాటి కక్ష ఒకటి కడుపులో రగులుతూ ఉంటుంది. మనోడి మీద చెయ్యి పడితే మనం దిగాల్సిందే అన్న మాట ఎప్పుడో ఇచ్చేసి ఉంటారు. కోడి ఆ రోజు అటు వెళ్లింది, అంతే.

యూరప్ కూడా అప్పుడు అలాంటి ఊరే. ఒక వర్గంలో జర్మనీ, ఆస్ట్రియా-హంగరీ; రెండో దాంట్లో ఫ్రాన్స్, రష్యా, కొంచెం పక్కన నిలబడి బ్రిటన్. 1871లో జర్మనీ లాక్కున్న అల్సాస్-లొరైన్ భూమి ఫ్రాన్స్‌కు మానని పుండు. 1906లో బ్రిటన్ డ్రెడ్‌నాట్ అనే కొత్తరకం యుద్ధనౌక దించితే, మాకూ కావాలని జర్మనీ పోటీపడి కట్టుకుంటూ పోయింది. 1908లో ఆస్ట్రియా బోస్నియాను కలిపేసుకుంటే సెర్బియా పళ్లు నూరింది. హత్య జరిగిన వారానికి, జులై 5న, జర్మనీ చక్రవర్తి ఆస్ట్రియాకు ఇచ్చిన భరోసాను మన భాషలో చెప్పాలంటే "నువ్వు సెర్బియాను కొట్టు, తర్వాత సంగతి మేం చూసుకుంటాం". ఆస్ట్రియా సెర్బియా మీద పడితే, సెర్బియాకు అండగా రష్యా కదిలింది. ఇక రైళ్లు. సైన్యాన్ని సరిహద్దుకు చేర్చే రైళ్ల టైం టేబుళ్లు ఎంత పక్కాగా వేసుకున్నారంటే, ఒక్కసారి కదిలాక వెనక్కి పిలవడం ఆ జనరళ్ల చేతుల్లోనే లేకుండా పోయింది. ఆగస్టు 1న రష్యా మీద, 3న ఫ్రాన్స్ మీద జర్మనీ యుద్ధం ప్రకటించింది, 4న బెల్జియంలోకి దూరింది, ఆ రోజే బ్రిటన్ దిగింది. తుపాకీ పేలినప్పటి నుంచి లెక్కేస్తే 37 రోజులు.

బ్రిటన్ దిగిందంటే మనం దిగినట్టే. ఎవరూ అడగలేదు. 10 లక్షల మందికి పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్లారు, 74,000 మంది దాకా తిరిగి రాలేదు, పైగా ఖర్చులకని 10 కోట్ల పౌండ్లు మన పేరున బ్రిటన్‌కు "బహుమతి"గా రాశారు. కరువు జిల్లాలవాళ్లం, బహుమతులిచ్చే స్థితి మాత్రం ఎప్పుడూ ఉన్నట్టే!

యుద్ధం మన దగ్గరికి రాలేదనుకోవద్దు. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ నౌక మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టింది, వేలమంది పట్నం వదిలి పారిపోయారు. అప్పుడు మన కడపకూ కర్నూలుకూ అనంతపురానికీ రాజధాని అదే. దానికంటే లోతుగా తగిలింది వ్యాపారం వైపు నుంచి. మద్రాసు రాష్ట్రపు శెనక్కాయలు ఎక్కువగా పోయేది ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవుకు. ఓడలు ఆగాయి, ధర పడింది. నీలిమందు కథ ఇంకా విచిత్రం. కడప నీలి ఒకప్పుడు పేరున్న సరుకు. 1897లో జర్మనీవాళ్లు ఫ్యాక్టరీలో చేసిన నీలి బజారుకు తెచ్చాక రైతు ఆ పంట వదులుకుంటూ వచ్చాడు. యుద్ధంతో జర్మన్ రంగు రావడం ఆగిపోయి చెట్టు నీలికి మళ్లీ గిరాకీ వచ్చింది. ఆ ఆశకు మళ్లీ విత్తనం వేసినవాళ్ల గతేమైంది? యుద్ధం ముగిసి ఫ్యాక్టరీ రంగు తిరిగొచ్చింది, నీలి ఈసారి లేవకుండా పడిపోయింది. లాభమొచ్చినా నష్టమొచ్చినా అది ఎక్కడి నుంచి వచ్చిందో పొలంలో ఉన్నవాడికి తెలిసే దారి లేదు.

1918కి బట్ట, కిరసనాయిలు, గింజలు అన్నీ మండిపోయాయి. ఆ ఏడు వానలూ మొహం చాటేశాయి, మద్రాసు రాష్ట్రంలో చాలాచోట్ల జనం ధాన్యం కొట్ల మీద పడ్డారు. అదే సమయానికి ఓడల్లో తిరిగొచ్చిన సిపాయిలతో పాటు బొంబాయిలో దిగిన ఇన్‌ఫ్లూయెంజా రైలెక్కి దేశమంతా తిరిగింది. బొంబాయి–మద్రాసు రైలు దారి పోయేది గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి, కడప మీదుగానే అని గుర్తుచేయక్కర్లేదు. దేశంలో కోటి ఇరవై లక్షలకు తక్కువ కాకుండా చచ్చిపోయారని అంచనా. 1921 జనాభా లెక్కల్లో, అంతకు పదేళ్ల కిందటి కంటే దేశ జనం తగ్గింది. లెక్కలు మొదలయ్యాక అలా తగ్గింది ఆ ఒక్కసారే.

రాజీ సంగతి కూడా మనకు తెలియనిది కాదు. ఓడినవాడిని పంచాయితీలో నిలబెట్టి, తప్పంతా నాదేనని రాయించుకుని, కట్టలేనంత జరిమానా వేసి వేలిముద్ర తీసుకుంటే ఆ రాజీ ఎన్నాళ్లుంటుంది? వాడి కొడుకు మీసం మొలిచేదాకా. 1919 జూన్ 28న, హత్య జరిగి సరిగ్గా ఐదేళ్లకు, వెర్సాయ్ శాంతి ఒప్పందంలో జరిగింది ఇదే. 231వ నిబంధనలో బాధ్యతంతా జర్మనీ, దాని వర్గం మీదే వేశారు, 1921లో పరిహారం 13,200 కోట్ల బంగారు మార్కులని తేల్చారు. హిట్లర్ రావడానికి అదొక్కటే కారణం అనము, 1929 ఆర్థిక మాంద్యం లేకుంటే ఆయన మాట అంతమంది వినేవాళ్లు కాదు. కానీ ఆయన సభల్లో అరిచి చెప్పిందంతా ఆ వేలిముద్ర గురించే. రెండో యుద్ధంలోకీ 1939 సెప్టెంబరు 3న మనల్ని అడగకుండానే లాగారు. 1942లో బర్మా జపాన్ చేతికి పోయి బియ్యం రావడం ఆగింది, ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి, మరుసటేడు బెంగాల్ కరువులో 30 లక్షల మంది దాకా పోయారు.

ఇవన్నీ పాత సంగతులే కదా అనేవాళ్లు ఒకసారి గల్ఫ్‌కు మనుషుల్ని పంపే రాయచోటి, రాజంపేట, చిట్వేలు వైపు వెళ్లి రావాలి. మొదటి యుద్ధంలో భారతీయ సిపాయిలు అందరికంటే ఎక్కువగా పోయింది మెసపొటేమియాకు, అంటే నేటి ఇరాక్‌కు. 1914 నవంబరులో బస్రా పట్టుకున్నది మనవాళ్లే, 1916లో అక్కడి కూట్ పట్నంలో తిండి లేక లొంగిపోయిందీ ఎక్కువగా మనవాళ్లే. అప్పటిదాకా ఆ ప్రాంతాన్ని ఏలిన తుర్కుల రాజ్యం కూలాక 1922లో ఉఖైర్ అనే చోట బ్రిటిష్ అధికారి పెర్సీ కాక్స్ ఎర్ర పెన్సిల్‌తో మ్యాపు మీద గీతలు గీశాడు. ఇరాక్‌కు సముద్రపు ఒడ్డు కాస్తంతే మిగిలింది, కువైట్ మాదేనన్న పేచీ మిగిలింది. 1990 ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ ఆ గీత దాటాడు. అప్పుడు కువైట్‌లో మన జిల్లావాళ్లు ఎందరో! బస్సుల్లో, లారీల్లో ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరితే, అక్కడి నుంచి ఎయిర్ ఇండియా 488 విమానాల్లో లక్ష మందికి పైగా భారతీయులను తెచ్చింది. చేతిలో ఉన్న కువైట్ దినార్లు చిత్తు కాగితాలయ్యాయి. ఉఖైర్ పేరు విననివాళ్లు ఆ గీతకు కట్టిన మూల్యం అది.

ఇప్పటికీ ఖద్దామా (ఇంటిపని) వీసా మీద పోయే ఆడబిడ్డల పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉంటుందో వాళ్ల ఇంట్లోవాళ్లకే తెలియదు. యుద్ధం గురించి ఉపన్యాసాలిచ్చే నాయకులను మేం అడిగేది చిన్నది. ఏ ఊరి నుంచి ఎవరు, గల్ఫ్‌లో ఏ ఇంట్లో, ఏ నంబరుకు ఫోన్ చేస్తే దొరుకుతారో మండలాఫీసులో ఒక రిజిస్టరు పెట్టి ఆరు నెలలకోసారి సరిచూడండి. క్షిపణుల మీద చర్చ తర్వాత చేసుకోవచ్చు.

మొదటి యుద్ధం పరిహారం కోసం చేసిన అప్పులో చివరి వాయిదా జర్మనీ 2010 అక్టోబరు 3న కట్టింది. కువైట్ దాడికి ఐక్యరాజ్యసమితి వేసిన 5,240 కోట్ల డాలర్ల పరిహారాన్ని ఇరాక్ 2022 జనవరిలో పూర్తిగా తీర్చింది. మరుసటి నెల 24న రష్యా ఉక్రెయిన్‌లోకి దిగింది, మన పిల్లలు మెడిసిన్ చదువులు మధ్యలో వదిలి తిరిగొచ్చారు, శెనక్కాయలకు పేరు మోసిన అనంతపురంలో పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ ధర చూసి జనం లీటరు తీసుకునేచోట అర లీటరు అడిగారు.